పాము కరిచాక శరీరంలో ముందు ఆగిపోయేది ఏది?

వానాకాలంలో ఒక రాత్రి, నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషికి చీమ కుట్టినట్టు ఏదో చురుక్కుమంటుంది, ఒక్కోసారి అది కూడా తెలియదు. ఇటునుంచి అటు తిరిగి మళ్లీ పడుకుంటాడు. తెల్లవారుజామున మూడు నాలుగింటికి కడుపు నొప్పి అంటూ లేస్తాడు, ఒక వాంతి అవుతుంది, గొంతు పట్టేసినట్టుందంటాడు. రాత్రి తిన్నది పడలేదేమో అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు ఇస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి వెళ్తాడు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతుంటాయి, రాత్రంతా నిద్ర లేదు కదా, మగతేమో అనుకుంటారు. మాట ముద్దముద్దగా వస్తుంది. ఇంకో గంటకి గుటక పడదు, నోటి పక్క నుంచి నురగ కారుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. పరుగు అప్పుడు మొదలవుతుంది. ఒంటి మీద గాటు కనపడదు, వాపు లేదు, రక్తం లేదు, అందుకే పాము అన్న మాట చాలా ఇళ్లలో ఎవరి నోటా రాదు.

ఇది కట్లపాము కాటు. కోరలు చిన్నవి, కరిచిన చోట నొప్పి దాదాపు ఉండదు, తిరిగేది రాత్రిపూట. మనిషి నిద్రలో ఉండగానే కరిచి వెళ్లిపోతుంది.

పాము కరిచి చనిపోయినవాళ్ల గురించి "విషం ఎక్కి పోయాడు" అని ఒక్క మాటలో చెప్పేస్తాం. కానీ విషం ఒళ్లంతా ఒకేసారి పాడుచేయదు, ఒక్కో పాము విషం ఒక్కో చోటికి గురిపెడుతుంది. కట్లపాము, నాగుపాము విషాలు ఊపిరి తీసే కండరాలకు వచ్చే ఆజ్ఞను మధ్యలో తెంపేస్తాయి. రక్తపింజర, చిన్నపింజర విషాలు రక్తం గడ్డకట్టే శక్తిని ఖాళీ చేస్తాయి, రక్తపింజర అంతటితో వదలకుండా కిడ్నీల దాకా వెళ్తుంది. ఏది ఆగిపోతోందో సకాలంలో కనిపెట్టి, అది తేరుకునేదాకా దాని పని బయటి నుంచి చేసిపెట్టగలిగితే మనిషి నిలబడతాడు. ఆగిపోయిన ఊపిరిని సంచితోనో యంత్రంతోనో అందించవచ్చు. ఆగిపోయిన కిడ్నీ పని డయాలసిస్‌తో కొన్ని వారాలు నెట్టుకురావచ్చు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి తెలియక, తెలిసినా దగ్గర్లో సాధనం లేక పోతున్న ప్రాణాలు మన దగ్గర చాలానే ఉన్నాయి, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఎన్ని ప్రాణాలంటే, 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే జరిగాయి, అంటే దుక్కి, నాట్లు, కలుపు సాగే నెలల్లో. 2001–14 మధ్య మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల పల్లెల్లోనే జరిగినట్టు అదే అధ్యయనం చెప్పింది, ఆ ఎనిమిదిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది మన ఊళ్లకు కొత్త సంగతేమీ కాదు. కృష్ణా జిల్లా దివిసీమలో 2018 వానాకాలంలో పొలం పనులకు వెళ్లినవాళ్లు వరసగా పాముకాటుతో ఆస్పత్రికి రావడం అప్పట్లో పత్రికలన్నిటా వచ్చింది. తెలంగాణలో రాత్రి కరెంటు రోజుల్లో, అర్ధరాత్రి మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచిన రైతుల్ని అడిగితే పాము సంగతి వాళ్లే చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాల్ని సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక మన దేశంలో 2024లో వచ్చింది. పేదవాడి జబ్బు కాబట్టి ఇంతకాలం పట్టిందని అనుకోక తప్పదు.

ఊపిరి ఎలా ఆగుతుందో చూద్దాం. బోరు మోటారునే తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. స్టార్టర్ బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది, మధ్యలో వైరు పోయింది, నీళ్లు రావు. మెదడు "ఊపిరి తియ్యి" అని చెబుతూనే ఉంటుంది, ఛాతీ కండరాలకీ, పొట్టకీ ఛాతీకీ మధ్య పరదాలా ఉండే డయాఫ్రమ్‌కీ దెబ్బేమీ తగల్లేదు, కానీ ఆజ్ఞ అక్కడిదాకా రావడం లేదు. నరం చివరకీ కండరానికీ మధ్య కంటికి కనపడనంత సన్నని సందు ఉంటుంది. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిన్న చిన్న తిత్తుల్లో నిలవ ఉంటుంది, ఆజ్ఞ రాగానే అది సందు దాటి కండరం మీద వాలుతుంది, కండరం కదులుతుంది. నాగుపాము విషం కండరం వైపున, ఆ రసాయనం వాలాల్సిన చోట తాను అడ్డంగా కూర్చుంటుంది. కట్లపాము విషంలో అలా అడ్డుకునే పదార్థం ఉన్నా, అసలు హాని చేసేది దాంట్లోని ఇంకొకటి, అది నరం కొసలోకే దూరి తిత్తుల్ని ఖాళీ చేయించి ఆ కొసనే పాడుచేస్తుంది.

రెండింటిలోనూ మనిషి బయటికి ఒకేలా కనిపిస్తాడు, కోలుకోవడంలో మాత్రం చాలా తేడా. నాగుపాము అయితే అడ్డం కూర్చున్నదాన్ని లేపవచ్చు, విరుగుడుతో పాటు నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ ఇస్తే కొన్నిసార్లు అరగంటలోనే రెప్పలు పైకి లేస్తాయి. కట్లపాము కాటులో వైరు కొసే కాలిపోయింది కాబట్టి, ఆ తర్వాత ఎన్ని సీసాల విరుగుడు ఎక్కించినా కొస వెంటనే తిరిగి రాదు, కొత్తగా మొలవాలి. దానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. ఆ రోజులన్నీ వెంటిలేటర్ ఊపిరి ఇస్తూ ఉండాలి. "ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి, ఇంకా కదలట్లేదు, ఇక లాభం లేదు" అని బంధువులు మనిషిని ఇంటికి తీసుకుపోయే ప్రమాదం ఇక్కడే ఉంది, నిజానికి అప్పుడు కావాల్సింది ఇంకొన్ని రోజుల ఓపిక, ఒక వెంటిలేటర్, గొంతులో పేరుకునే కఫం తీసే నర్సు.

ఈ ఆగిపోవడం పైనుంచి కిందికి ఒక వరసలో వస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, చూపు రెండుగా కనపడుతుంది, తర్వాత నోరు పూర్తిగా తెరవలేడు, నాలుక బయటికి పెట్టలేడు, గుటక పడదు, మెడ నిలవదు, ఆ తర్వాత ఊపిరి. కాబట్టి పాము అన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా ఇంట్లోనే గమనించదగ్గవి ఉన్నాయి. తల కదపకుండా పైకి చూడమంటే రెప్పలు పూర్తిగా తెరుచుకుంటున్నాయా, పడుకుని ఉండగా దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నాడా, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెడుతున్నాడు. పది నిమిషాల కింద ఒక్క బిగిన ముప్పై దాకా లెక్కపెట్టినవాడు ఇప్పుడు పదిహేను దగ్గర ఆగాడంటే ఊపిరి సన్నగిల్లుతోందని అర్థం. దీనికి డాక్టరు చదువు అక్కర్లేదు. ఆస్పత్రికి వెళ్లాక డాక్టర్లు చూసేదీ ఇవే.

నోట్లో నురగ చూసి విషమే నురగలా వస్తోందని చాలామంది భయపడతారు. అది అతని సొంత లాలాజలం. రోజంతా తెలియకుండా మింగుతూ ఉంటాం, గొంతు కండరాలు పడిపోయాక అది నోట్లోనే నిలిచి బయటికి కారుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెడితే అదే ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం తీస్తుంది, అందుకే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నీళ్లు, పాలు, పసరు, నెయ్యి, ఏదీ నోట్లో పోయకూడదు. పోసింది ఎటు పోతుందో పైన చెప్పుకున్నదాన్ని బట్టే తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది, చదివిన ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. కట్లపాము కాటు బాగా ముదిరిన మనిషి చూడటానికి అచ్చం బ్రెయిన్ డెడ్ అయినవాడిలా ఉండవచ్చు. కనుపాపలు పెద్దవైపోయి లైటు వేసినా కదలవు, గిచ్చినా ఉలకడు, సుత్తితో మోకాలి కింద కొట్టినా కాలు లేవదు, సొంతంగా ఒక్క ఊపిరి కూడా లేదు. అయినా లోపల మెదడు మేలుకునే ఉండవచ్చు, పక్కన మాట్లాడేవి వినపడుతూ ఉండవచ్చు. విషం పడగొట్టింది కండరాల్ని, తెలివిని కాదు. ఇలా బ్రెయిన్ డెడ్ అనుకున్నవాళ్లు వెంటిలేటర్ మీద కొన్ని రోజులు గడిచాక లేచి కూర్చున్న కేసులు మన దేశపు వైద్య పత్రికల్లో చాలా నమోదయ్యాయి. అందువల్ల పాముకాటు అనుమానం ఉన్నచోట ఆ మాట అనడానికి తొందరపడకూడదు, మంచం పక్కన నిలబడి ఖర్చుల గురించో కర్మకాండల గురించో మాట్లాడకూడదు. పేరు పెట్టి పిలిచి "భయం లేదు, విషం దిగుతోంది, యంత్రం ఊపిరి ఇస్తోంది" అని చెప్పాలి. అతను వింటున్నాడనుకునే చెప్పాలి.

ఇక పింజరల సంగతి. ఇక్కడ కాటు తెలియకపోవడం అనేది ఉండదు. రక్తపింజర కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా బుసకొడుతుంది, కరిస్తే భరించలేని మంట, చూస్తుండగానే కాలు పొంగుతుంది. లోపల జరిగేది వేరే. గాయమైనచోట రక్తాన్ని గడ్డకట్టించడానికి శరీరం దగ్గర ఒక సరుకు ఉంటుంది, ఫైబ్రినోజెన్ అంటారు. కాలువకి గండి పడితే పూడ్చడానికి దాచిన ఇసుక బస్తాల్లాంటిది. పింజర విషం, గండి లేని చోటల్లా గండి పడిందని అబద్ధపు కబురు పెడుతుంది, శరీరం ఉన్న బస్తాలన్నీ ఊరికే దొర్లించేస్తుంది. గంట రెండు గంటల్లో నిలవ అయిపోతుంది. ఆ తర్వాత నిజంగా ఎక్కడ రక్తం కారినా ఆపడానికి ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి రక్తం, సూది గుచ్చిన చోటు నుంచి ఆగని రక్తం, మూత్రంలో ఎరుపు. మెదడులోకి రక్తస్రావం జరిగితే మనిషి దక్కడం కష్టం.

దీన్ని పట్టుకునే పరీక్ష ఎంత చవకైనదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పెట్టి, 20 నిమిషాలు కదపకుండా వదిలేసి, ఆ తర్వాత గొట్టాన్ని ఒక్కసారి వంచి చూడాలి, అంతే. గడ్డకట్టి ఉంటే కదలదు. నీళ్లలా జారిందంటే పింజర విషం రక్తంలోకి వెళ్లిందని అర్థం, విరుగుడు మొదలుపెట్టాలి. ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ గొట్టం గాజుదే అయ్యుండాలి, ఎందుకంటే గాజు తగలడమే రక్తానికి గడ్డకట్టమనే సంకేతం. ప్లాస్టిక్ గొట్టమైతే మామూలు రక్తం కూడా ఆ 20 నిమిషాల్లో గడ్డకట్టకపోవచ్చు. డిటర్జెంట్‌తో కడిగిన పాత గాజు గొట్టం కూడా అలాగే తప్పుదోవ పట్టిస్తుంది. మధ్యలో ఎవరో తొందరపడి పదో నిమిషంలో ఎత్తి ఊపి చూస్తే పరీక్ష చెడినట్టే. అసలు గాజు గొట్టాలు ఇప్పుడు చాలాచోట్ల వాడకంలోంచే పోయాయి, అన్నీ ప్లాస్టిక్ అయిపోయాయి, కాబట్టి వానాకాలం రాకముందే ప్రతి పీహెచ్‌సీలో ఓ పెట్టె గాజు గొట్టాలు విడిగా పెట్టుకోవడం తప్పనిసరి చేయాలి. మొదటిసారి గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపకూడదు, విషం మెల్లగా ఎక్కుతూ ఉండవచ్చు, మళ్లీ మళ్లీ చేసి చూడాలి.

రక్తపింజరకీ మనకీ పాత చుట్టరికం ఒకటి ఉంది. ఇంగ్లిషులో దీన్ని రసెల్ పేరుతో పిలుస్తారు. ఆ ప్యాట్రిక్ రసెల్ స్కాట్లండ్ డాక్టరు, 1780లలో విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీ తరఫున కోరమాండల్ తీరపు పాముల్ని పరిశీలించాడు, బొమ్మలతో సహా 1796లో అచ్చువేయించాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే అందులో రాసుకున్నాడు, రక్తపింజరకి ఆయన రాసిన పేరు "కాటుక రేకుల పొడ". ఒంటి మీద కాటుక దిద్దిన రేకుల్లా ఉండే మచ్చల వరస చూసినవాళ్లు పెట్టిన పేరు అది, రసెల్ పేరు కన్నా వెయ్యి రెట్లు బాగుంది. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు వాడే బంగారస్ అన్న పేరు కూడా మన "బంగారు" నుంచి పోయిందే. పేర్లు ప్రపంచానికి ఇక్కడి నుంచి వెళ్లాయి గానీ, చికిత్స మాత్రం ఇక్కడి పల్లెల దాకా ఇంకా సరిగ్గా రాలేదు.

రక్తపింజర దెబ్బ రక్తం దగ్గరే ఆగదు. బీపీ పడిపోవడం, సన్నని రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు అడ్డుపడటం, విషం నేరుగా తగలడం, ఇవన్నీ కలిసి కిడ్నీల మీద పడతాయి. ఒకటి రెండు రోజులకి మూత్రం తగ్గుతుంది, రంగు మారుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది. కాలు వాపు తగ్గుతోంది కదా, గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం కూడా అదే. కాబట్టి పింజర కరిచిన మనిషి ఒంట్లోకి ఎన్ని నీళ్లు పోతున్నాయి, ఎంత మూత్రం వస్తోంది అని సీసాతో కొలిచి, టైముతో సహా రాసిపెట్టడం నర్సుల పనే కాదు, పక్కన కూర్చున్న కొడుకో తమ్ముడో కూడా చేయాలి. కిడ్నీలు ఆగితే డయాలసిస్, ఎక్కువ మందికి రెండు మూడు వారాల్లో మూత్రం తిరిగి మొదలవుతుంది. కొద్దిమందిలో కిడ్నీ పైపొర చచ్చిపోయి జీవితాంతం డయాలసిస్ మిగులుతుంది, ఆలస్యం ఎక్కువైన కొద్దీ ఆ ముప్పు కూడా ఎక్కువ.

విరుగుడు ఏం చేస్తుందో, ఏం చేయలేదో స్పష్టంగా తెలియాలి. ఆస్పత్రి భాషలో ఏఎస్‌వీ. గుర్రానికి కొద్ది కొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో విషాన్ని పట్టుకునే పదార్థాలు తయారవుతాయి, వాటిని శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. దానికి కావాల్సిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం, 1978లో పెట్టుకున్నది, పాముల్ని పట్టి విషం పిండి మళ్లీ అడవిలో వదిలేస్తూ సరఫరా చేస్తోంది. విరుగుడు తయారుచేసే కంపెనీల్లో ఒకటైన విన్స్ బయోప్రొడక్ట్స్ హైదరాబాద్‌దే. మన దగ్గర దొరికే విరుగుడు ఒక్కటే, అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసింది, కాబట్టి ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. మొదట సాధారణంగా 10 సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. చిన్నపిల్లకైనా అదే మోతాదు, పిల్ల కదా అని పాము తక్కువ విషం ఎక్కించదు.

కానీ విరుగుడు పట్టుకునేది రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని. అప్పటికే ఆగిపోయినదాన్ని అది నడిపించదు. కొస తెగిన నరాన్ని అతికించదు. అయిపోయిన ఫైబ్రినోజెన్‌ను తిరిగి నింపదు, ఆ పని కాలేయం చేసుకోవాలి, దానికి ఆరు గంటలు పడుతుంది, అందుకే విరుగుడు ఇచ్చిన ఆరు గంటలకు గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేస్తారు. ఆలస్యమైతే ఎందుకు అంత నష్టమో ఇప్పుడు తెలుస్తుంది. మొదటి రెండు గంటల్లో పది సీసాలు చేసే పని పదో గంటలో ముప్పై సీసాలూ చేయలేవు. ఈ విరుగుడు అన్ని ప్రాంతాల పాములకూ సమానంగా పనిచేయడం లేదన్నది కూడా నిజం. విషం ఎక్కువగా తమిళనాడు పాములది కాబట్టి, వేరే ప్రాంతాల అదే జాతి పాము విషాన్ని అది అంత గట్టిగా పట్టుకోలేకపోతోందని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు. అయినా ప్రస్తుతానికి ఉన్నది అదే, దాన్ని త్వరగా అందించడమే దారి.

త్వరగా అందించడంలోనే మన దగ్గర చిక్కు. పీహెచ్‌సీలో సీసాలు ఉంటాయి, ఎక్కించడానికి డాక్టరుకి భయం. గుర్రపు పదార్థం కాబట్టి కొందరికి రియాక్షన్ వస్తుంది, దద్దుర్లు, వణుకు, ఒక్కోసారి బీపీ పడిపోయి ఊపిరి అందక ప్రమాదం. అది నిజమైన భయమే, రాత్రిపూట ఒక్క నర్సుతో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, బయట యాభై మంది జనం, రియాక్షన్ వస్తే "ఇంజెక్షన్ చేసి చంపేశాడు" అంటారన్న టెన్షన్. అందుకని జిల్లా ఆస్పత్రికి రెఫర్ చేసేస్తారు. కానీ ఆ రియాక్షన్‌కి మందు ఉంది, అడ్రినలిన్, తొడ కండరానికి ఇస్తే నిమిషాల్లో పనిచేస్తుంది, ధర కూడా చాలా తక్కువ. సిరంజిలో అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని మొదటి పది సీసాలు అక్కడే మొదలుపెట్టి పంపడానికీ, ఏమీ ఇవ్వకుండా రెండు గంటల ప్రయాణానికి పంపడానికీ మధ్య తేడా చాలాసార్లు ఒక ప్రాణం. రెప్పలు వాలినవాడిని పంపేటప్పుడైతే ఊపిరి ఇచ్చే అంబు బ్యాగ్, దాన్ని పిండగలిగే మనిషి తోడు ఉండి తీరాలి. చేతిలో పట్టే రబ్బరు సంచి అది, ఐదారు సెకన్లకోసారి పిండుతూ ఉండాలి. వెంటిలేటర్ ఖాళీ లేని ఆస్పత్రుల్లో బంధువులే వంతులు వేసుకుని రాత్రంతా ఆ సంచి పిండి మనిషిని నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. డాక్టరు భయం పోవాలంటే ఊరి పెద్దలు, పోలీసులు కూడా ఆయన పక్కన నిలబడాలి, ఇది ఒక్క వైద్యశాఖ పని అనుకుంటే ముందుకు సాగదు.

ఇక ఊళ్లో పోయే సమయం. మంత్రం వేయిస్తే తగ్గిందనేవాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే తగ్గి ఉంటుంది. కారణం, మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదు, విషం ఉన్న పాము కూడా కొన్నిసార్లు విషం వదలకుండా ఉత్త కాటు వేస్తుంది. వాళ్లు మంత్రం వేసినా వేయకపోయినా బతికేవాళ్లే. విషం ఎక్కినవాడి విషయంలో మాత్రం మంత్రానికి, పసరుకి, నల్లరాయికి పోయిన ఆ గంటన్నరే నరం కొస తెగే సమయం. కరిచిన చోటు పైన తాడు బిగించడం ఇంకో అలవాటు. రక్తం ఆడక కాలు కుళ్లుతుంది, ఆస్పత్రిలో గబుక్కున విప్పితే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పోతుంది. ఇప్పటికే కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, విరుగుడూ ఊపిరి ఇచ్చే సాధనాలూ ఉన్న చోట డాక్టరు ముందే విప్పాలి. బ్లేడుతో కోయడం వద్దు, పింజర కాటైతే ఆ కోత నుంచి కారే రక్తం ఆగదు.

చేయాల్సింది కొంచెమే. వాచేలోపు ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసేయాలి. విరిగిన కాలికి కట్టినట్టు ఒక కర్ర పెట్టి, కదలకుండా వదులుగా గుడ్డ చుట్టాలి, ఎందుకంటే నడిస్తే కండరాలు విషాన్ని పైకి నెడతాయి. కరిచిన టైము, వాపు అంచు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో చర్మం మీదే గీత గీసి రాయాలి, ఆస్పత్రిలో డాక్టరుకి వంద మాటల కన్నా ఆ గీత ఎక్కువ చెబుతుంది. 108కి ఫోన్ చేయాలి, హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ బండి ఈ పనికి చాలా పనికొచ్చింది. అది రావడం ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లాలి. పామును చంపడానికి వెంటపడొద్దు, తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీయగలిగితే తీయండి, లేకపోతే వదిలేయండి. రాత్రి పడక మంచం మీద, దోమతెర నాలుగు పక్కలా పరుపు కిందికి దోపి ఉంటే కట్లపాము కథే మొదలుకాదు. దోమతెర ఖరీదుకి ఇంతకన్నా మంచి బీమా దొరకదు.

డిశ్చార్జి రోజు మీదా ఒక మాట. నాగుపాము కరిచిన చోట చర్మం నల్లబడి కుళ్లవచ్చు, దాన్ని కొన్ని వారాలు చూపించుకుంటూ ఉండాలి. రక్తపింజర కాటు పడినవాళ్లకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కొన్ని నెలల పాటు అడపాదడపా చేయించాలి. ఇంకా అరుదైనదొకటి ఉంది, పింజర కాటు తీవ్రమైనవాళ్లలో మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది, అది వెంటనే తెలియదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక మనిషి ఎప్పుడూ నీరసంగా ఉంటాడు, చలికి తట్టుకోలేడు, బీపీ తక్కువ, మగవాళ్లకి గడ్డం పలచబడుతుంది, ఆడవాళ్లకి నెలసరి ఆగిపోతుంది. బద్ధకం అనో, వయసు మీద పడిందనో, పాము దోషం ఇంకా పోలేదనో అంటారు. రక్తపరీక్షలో హార్మోన్లు చూస్తే బయటపడుతుంది, రోజుకి కొన్ని మాత్రలతో మనిషి మళ్లీ పొలం పనికి వెళ్లగలడు. అయితే డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "ఫలానా ఏడాది వానాకాలంలో నన్ను పింజర కరిచింది" అని ఆ మనిషే చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రశ్న ఎవరూ అడగరు.